మీ ఇంట్లో సంపాదించేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ముత్యాలసంద్ర,
2025 జులై 6, ఆదివారం

చిరంజీవి లావణ్యకు చిన్నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. నీకు ఫోన్ చేస్తే "ఊఁ, చెప్పు చిన్నాయనా" అంటూనే అవతల కంప్యూటర్ మీద టకటకలాడిస్తుంటావు. అందుకే ఉత్తరం. బళ్లో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. వేసవి సెలవుల్లో పలక మీద నీకు తెలుగు దిద్దించింది నేనే కాబట్టి, దాన్ని మరిచిపోకుండా చూసే బాధ్యత కూడా నాదే. జవాబు చేత్తో రాయి.

అసలు సంగతి. మంగళవారం మా కాలేజీకి ఇద్దరు కుర్రాళ్లు దిగారు. మెడలో తాళ్లు, తాళ్లకు కార్డులు. ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆఫీసులో కాగితాలు మోసి, చివరికి సూపరింటెండెంటునైన నన్ను పట్టుకుని ఒకడు "అంకుల్, ఈ బిల్డింగ్‌లో యూనిట్ ఔట్‌పుట్ ఎంత?" అన్నాడు. "నాయనా, ఇది ఇటుకల బట్టీ కాదు" అన్నాను. వాడు అదీ రాసుకున్నాడు. గదులు కొలిచారు, ఫ్యాన్లు లెక్కపెట్టారు, మరుగుదొడ్ల తలుపులకు ఫొటోలు తీశారు. ఒక్క తరగతిలో కూర్చుని ఒక్క పాఠం వినలేదు. చదువు మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు దండగో కాదో తేలుస్తారట. వీళ్లకిచ్చే ఫీజుతో మా లైబ్రరీకి పదేళ్లు పుస్తకాలు కొనొచ్చు. ఆ దండగను ఎవరు కొలుస్తారో మాత్రం చెప్పలేదు.

పోతూ పోతూ బల్ల మీద వదిలిన కార్డు చూశాను. నీ కంపెనీ పేరు. నీకేమైనా తెలుసా? మా కాలేజీ ఊడ్చే పిల్లమ్మ రోజూ అడుగుతోంది: "కాలేజీ మూసేస్తారంట గదా సార్, మా నేత్రావతికి ఇంగా రెండో ఏడే గదా, ఎట్ల సార్?" నేను ఏం చెప్పాలి?

ఆశీస్సులతో,
నీ చిన్నాయన ఓబులేష్


బెళ్లందూరు,
2025 జులై 14

ముత్యాలసంద్ర సూపరింటెండెంటు గారికి, అనగా మా చిన్నాయనకు, నమస్కారాలు.

నాలుగు వరుసలు రాసేసరికి వేళ్లు నొప్పి పుట్టాయి. పదిహేను కిలోమీటర్లు రావడానికి నీ ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది. సర్జాపుర రోడ్డు మీద ఇదే మంచి వేగం అనుకో.

ఆ ఇద్దర్నీ పంపింది నేనే. ఈ పని అడిగి మరీ తీసుకున్నాను. ఊరి పేరు కూడా పలకలేనివాళ్ల చేతిలో పడకూడదని. అక్కడే బి.కాం. చదివానని మాత్రం ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నా పేరు పక్కన ఎం.బి.ఏ. ఒక్కటే ఉంటుంది. కోపం తెచ్చుకోకు. ఇక్కడ అడిగే మొదటి ప్రశ్న "ఏ కాలేజ్?" అనే.

కానీ చిన్నాయనా, నిన్ను చూసి జాలిపడను. పద్దెనిమిది కంప్యూటర్లు మూడేళ్లుగా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పిల్లమ్మక్క వారానికోసారి పెట్టెల మీద దుమ్ము దులుపుతుందట. చూడు, ప్రజల డబ్బుతో కొన్న యంత్రానికి ప్రజల డబ్బుతో దుమ్ము దులిపిస్తున్నారు. లైబ్రరీ బీరువాలకు తాళాలు. నేను చదివినప్పుడూ అవే తాళాలు. ఎకనామిక్స్ సారు నోట్సు మా అక్కలు రాసుకున్నదే మేమూ రాసుకున్నాం, అందులో రూపాయి విలువ కూడా పాతదే. ఇదంతా రాయకుండా ఉండమంటావా?

ఫ్యాన్లూ తలుపులూ పైపై సంగతి. అసలు తేల్చేది వేరే. పదేళ్లలో పాసైనవాళ్లలో రెండు వందల మంది ఇళ్లకు ఫోన్ చేయించి, పని చేస్తున్నారా లేదా అని అడిగిస్తున్నాం. ప్రశ్నలు నేనే రాశాను. నంబర్లు మీ ఆఫీసు రిజిస్టరులోవే. నాతో చదివినవాళ్లలో ఖాళీగా ఉన్నవాళ్లు నాకు ఒక్కరూ తెలియదు. కాబట్టి పిల్లమ్మక్కను భయపడొద్దని చెప్పు. ఫైల్లో సిటీ కాలేజీలో విలీనం అనే మాట ఉంది గానీ, అది అన్ని ఫైళ్లలోనూ ఉంటుంది.

నీ
లావణ్య


ముత్యాలసంద్ర,
2025 జులై 20

ఎం.బి.ఏ. లావణ్య గారికి,

"విలీనం అన్ని ఫైళ్లలోనూ ఉంటుంది" అని ఎంత తేలిగ్గా రాశావమ్మా. ముందే నిర్ణయించుకున్నారన్నమాట. ఫోన్లు చేయడం ఎందుకు మరి, బిల్లు పెంచడానికా?

కంప్యూటర్ల గురించి విను. వాటిని కొనడానికి ఒక శాఖ, వైరింగుకు ఇంకో శాఖ. వైరింగు ఫైలు మూడేళ్లుగా తిరుగుతోంది. నేను గుర్తుచేస్తూ రాసిన కాగితాలు పందొమ్మిది, నకళ్లు నా దగ్గరున్నాయి. లైబ్రరీలో పుస్తకం పోతే లైబ్రేరియన్ జీతంలో కోస్తారు. నువ్వైనా తాళమే వేస్తావు. ఎకనామిక్స్ సారు గురించి నువ్వు చెప్పింది నిజం. ఆయన దండగే. ఆయన్ను మూసెయ్యండి, కాలేజీని కాదు.

చదువుకు విలువ ఎంతని అడుగుతున్నారు గదా. పోయిన నెల పిల్లమ్మకు రెండు నెలల జీతం రాలేదు. కాంట్రాక్టరు దగ్గరికి వెళితే "రేపు రా" అన్నాడు. మర్నాడు నేత్రావతి వెళ్లింది. కుర్చీ లాక్కుని కూర్చుని, జీతం ఆపమన్న ఆర్డరు కాపీ ఇవ్వండి అని ఇంగ్లీషులో అడిగింది. లేని ఆర్డరును వాడెక్కడినుంచి తెస్తాడు? సాయంత్రానికి జీతం వచ్చింది. పదేళ్ల కింద ఆ గుమ్మంలో వాళ్లమ్మ చెప్పులు విప్పి నిలబడేది. దీన్ని మీ పట్టికలో ఏ గడిలో వేస్తారో నాకు రాయి.

ఇంకో మాట. మా కాలేజీలో నూట నలభై మంది ఆడపిల్లలు. నడిచి వస్తారు కాబట్టి ఇంట్లోవాళ్లు పంపుతున్నారు. సిటీలో కాలేజీకి రెండు బస్సులు మారాలి. అత్తిబెలె గార్మెంట్సు ఫ్యాక్టరీ బస్సు మాత్రం గుమ్మం ముందుకే వస్తుంది. ఏ బస్సు ఎక్కిస్తారో నీకు నేను చెప్పాలా?

ఓబులేష్


బెళ్లందూరు,
2025 ఆగస్టు 20

చిన్నాయనకు,

నెల రోజులు జవాబు రాయనిది కోపంతో అనుకున్నావేమో. కాదు, సిగ్గుతో.

ఫోన్ల లెక్క వచ్చింది. రెండు వందల ఇళ్లు. పని చేస్తున్నవాళ్లు పదిహేడు మంది. నూటికి ఎనిమిదిన్నర. నాలుగుసార్లు కూడించాను. మా డైరెక్టరు ఆ కాగితం చూసి "అక్కడ చదవడంకంటే ఇంట్లో కూర్చోవడం నయం. రెంటికీ ఫలితం ఒకటే, రెండోది ఖర్చు లేనిది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా నోట్లో చేదుగా ఉంది.

నీమీద నాకు ఎంత కోపంగా ఉందో తెలుసా? ముప్పై ఒక్క ఏళ్లు కాగితాలు మోశానంటావు, నకళ్లు ఉన్నాయంటావు. పాసైన పిల్లలు ఏమయ్యారో ఒక్కరోజైనా చూశావా? మూడేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. నేత్రావతి కాంట్రాక్టరును ఒక్కసారి ఇంగ్లీషులో గద్దించిందని ఒక కాలేజీని నడపరు, చిన్నాయనా.

విలీనం చేయమనే రాయబోతున్నాను. ఆడపిల్లలకు ఉచిత బస్ పాసులు ఇవ్వాలని కూడా రాస్తాను. పేర్లతో సహా జాబితా కాలేజీకి వస్తుంది, తప్పులుంటే పది రోజుల్లో చెప్పాలి. తప్పులుండవు.

లావణ్య


ముత్యాలసంద్ర,
2025 ఆగస్టు 31, ఆదివారం

లావణ్యా,

జాబితా వచ్చింది. నూట నలభై మూడో వరుస చదువుతాను, కూర్చుని విను. "లావణ్య, తండ్రి పెద్దమునియప్ప. బి.కాం. ఉద్యోగం లేదు. ఇంట్లో ఉంది."

అంత పెద్ద ఆఫీసులో ఒక్కరైనా ఆ పేరు చదవలేదా? నువ్వూ చదవలేదా? నూటికి ఎంత అని కూడించావు గానీ ఆ నూటిలో ఎవరున్నారో చూడలేదు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత చొక్కా వేసుకుని మీ నాన్న దగ్గరికి వెళ్లాను.

"అన్నా, నీకు ఫోన్ వచ్చిందా?"

"వచ్చిండ్లే. సర్కారు నుంచి మాట్లాడతాండాం, మీ ఇంట్లో సంపాదించేవాళ్లు ఎవురన్నా ఉండారా అన్నారు. ఎవురూ లేరప్పా, బిడ్డ ఇంట్లోనే ఉండాది, పనీ లేదు పాటా లేదు అని చెప్పినా. మల్ల ఏమి చెప్పాలరా? బిడ్డకు జీతమొస్తాది అని చెప్పి, ఉండే రేషన్ కార్డు పోగొట్టుకోవాల్నా?"

అర్థమైందా? రోజంతా ఇల్లిల్లూ తిరిగాను. అందరిదీ అదే జవాబు. ఆసుపత్రిలో నర్సు, బ్యాంకులో క్లర్కు, హొసకోటె కంపెనీలో లెక్కలు చూసే అమ్మాయి, ముగ్గురూ మీ కాగితంలో ఇంట్లో కూర్చున్నారు. పని చేస్తున్నారని చెప్పిన ఆ పదిహేడు ఇళ్లూ కార్డు లేనివే. సర్కారు పేరు చెప్పి ఇంట్లో సంపాదన అడిగితే ఈ ఊళ్లలో ఎవడైనా నిజం చెబుతాడా? ఆ ప్రశ్న రాసింది ఎవరు? రేషన్ బియ్యం తిని పెరిగిన పిల్ల.

నా తప్పూ ఉంది, దాచను. ఆడపిల్లల నంబర్లు ఆఫీసు రిజిస్టరులో ఉంటే ఏ వెధవ చూసి ఏం చేస్తాడోనని, తండ్రి నంబరే రాయాలని రూలు పెట్టింది నేను. ఇన్నేళ్లూ ఆ రూలు చూసుకుని మురిసిపోయాను. మీరు ఫోన్ చేసింది పిల్లలకు కాదు, వాళ్ల నాన్నలకు.

దిద్దు. త్వరగా దిద్దు.

చిన్నాయన


బెళ్లందూరు,
2025 సెప్టెంబరు 11

చిన్నాయనకు,

ఆ ప్రశ్న రాసింది నేనే. "సర్కారు నుంచి" అని మొదలుపెడితే గౌరవంగా జవాబిస్తారని కూడా నేనే చెప్పాను.

నువ్వు దిద్దమన్నావు, దిద్దాను. నీ ఉత్తరం తీసుకెళ్లి డైరెక్టరుకు చదివి వినిపించి, నేను అక్కడే చదివానని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "ఎవరెవరి వరుస తప్పో వాళ్ల పేరు, జీతం కాగితం తెప్పించు, మారుస్తాను" అన్నాడు. ముందు నా జీతం కాగితం పెట్టాను. పదిహేడు కాస్తా పద్దెనిమిదయింది.

అక్కడితో ఆగలేకపోయాను. ప్రజల డబ్బు దండగ గురించి నివేదికలు రాస్తూ, నా పేరు చెప్పుకుని మా ఇంటికి వచ్చే బియ్యం మాట దాచిపెట్టడం నావల్ల కాలేదు. శనివారం ఇంటికి వచ్చి కార్డు వదిలేద్దామని నాన్నకు చెప్పాను. కంచం తోసేశాడు.

"పెండ్లయి పొయ్యేదానివి. ఈపొద్దు ఉండే ఉద్యోగం రేపు ఉంటాదో లేదో. నీ జీతాన్ని నమ్ముకోని నేను కార్డు వదులుకుంటే, రేపు నాకు బియ్యం ఎవురిస్తారు? నీ కంపెనీ ఇస్తాదా?"

అయినా ఆయనకు చెప్పకుండా నేనే అర్జీ పెట్టేశాను. వదులుకునే అర్జీకి ఫైలు తిరగదు, మూడు రోజుల్లో కార్డు రద్దయింది. నాన్న నాతో మాట్లాడ్డం లేదు. కనీసం నువ్వు సంతోషిస్తావు. ఇప్పుడు నన్ను చూపించి మిగతావాళ్లను అడుగు. ఒక్కొక్కరూ కాగితం తెస్తే చాలు.

లావణ్య


ముత్యాలసంద్ర,
2025 సెప్టెంబరు 28

లావణ్యా,

సంతోషించాలా? నీకు డిగ్రీలు రెండు, బుద్ధి మాత్రం బొత్తిగా లేదు.

పెద్దమునియప్ప కూతురు నిజం చెప్పింది, పెద్దమునియప్ప కార్డు పోయింది. ఊళ్లో అందరికీ తెలిసింది ఇదొక్కటే. నువ్వు సత్యవంతురాలివైన మర్నాటి నుంచి నన్ను చూస్తే తలుపులు మూస్తున్నారు. బ్యాంకు క్లర్కు తండ్రి సొన్నప్ప నాతో ముప్పై ఏళ్ల స్నేహితుడు. "మా ఇంటికి రావద్దు ఓబులేషూ, చేయెత్తి మొక్కుతా" అన్నాడు. నీ మనసు తేలిక చేసుకున్నావు. ఆ బరువు తెచ్చి నూట నలభై మంది పిల్లల మీద పెట్టావు. ఇంట్లో ఇలా తిట్టే మనిషి ఒకడుండాలి, అందుకే తిడుతున్నాను.

తిట్టి ఊరుకోలేదు. సంతకం లేని కాగితాన్ని ఇన్నేళ్లలో ఒక్కటి కూడా తీసుకోని నేను, పేర్లే లేని లెక్క మొదలుపెట్టాను. పొద్దున పాల డెయిరీ దగ్గరికి రాని ఇల్లు లేదు. మూడు ఊళ్ల డెయిరీల్లోనూ ఒకదాని తర్వాత ఒకటిగా, మూతికి గుడ్డ కట్టిన కుండ పెట్టించాను. జాబితాలో ఉన్న మీ పిల్లలు పని చేస్తుంటే చింతగింజ వెయ్యండి, లేకపోతే గులకరాయి వెయ్యండి, పేరు చెప్పొద్దు, నేను చూడను. గోడవైపు తిరిగి కూర్చున్నాను. నేత్రావతి ఇంటికొక్క చెయ్యి మాత్రమే కుండలోకి పోయేట్టు కాపలా కాసింది. మూడో రోజుకు పాలడబ్బాతో మీ నాన్న కూడా వచ్చాడు. ఏం వేశాడో నాకు తెలియదు. కార్డు ఎలాగూ పోయింది కాబట్టి గింజే వేసుంటాడు.

నూట డెబ్బై ఒక్క ఇళ్లు. గింజలు నూట ఇరవై తొమ్మిది, రాళ్లు నలభై రెండు. ప్రిన్సిపాల్ సంతకం, మా స్టాంపు వేసి పంపుతున్నాను. ఈ నలభై రెండు రాళ్లకు మేం సిగ్గుపడతాం, అది వేరే సంగతి. నీ ఎనిమిదిన్నర మాత్రం అబద్ధం. దీన్ని బల్ల మీద పెట్టు.

చిన్నాయన


బెళ్లందూరు,
2025 అక్టోబరు 28

చిన్నాయనకు,

బల్ల మీద పెట్టాను. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

చల్లటి గది, పన్నెండు మంది, ఒక్కొక్కరి ముందు జీడిపప్పు గిన్నె. ప్రభుత్వం వేసిన కమిటీ పెద్ద నీ కాగితం తిప్పి చూసి "చింతగింజలా? చారు కాచుకోడానికా?" అన్నాడు. గదంతా నవ్వింది. పేర్లు లేని లెక్క లెక్క కాదన్నారు. పేర్లు ఎందుకు ఇవ్వరో చెప్పాను. "అంటే ప్రభుత్వానికి అబద్ధం చెప్పేవాళ్ల కోసం ప్రభుత్వం కాలేజీ నడపాలా?" అన్నాడు ఇంకొకాయన. గొంతు పెంచాను. నేను నూట నలభై మూడో వరుసను, ఇదిగో నిలబడి ఉన్నాను అన్నాను. అప్పుడు పెద్దాయన చాలా మెత్తగా చెప్పాడు. "సరే అమ్మా, నీ మాటే నిజమనుకో. అంతమంది సంపాదిస్తున్నారంటే వాళ్లు బస్సు ఎక్కగలరు కదా. అప్పుడూ ఈ కాలేజీ అక్కర్లేదు."

ఉద్యోగాలు రాకపోతే దండగ, వస్తే అనవసరం. రెండు దారులూ ఒకే తలుపు దగ్గరికి వెళ్తున్నాయని నాకు అప్పుడు తెలిసింది. నువ్వు జులైలోనే రాశావు. నేను నిన్ను కోపిష్టివాడివనుకున్నాను.

జూన్ నుంచి విలీనం. కాలేజీ పోయింది, చిన్నాయనా. నేను నిలబెట్టలేకపోయాను. సరిగ్గా చెప్పాలంటే, నేనే పడగొట్టాను.

నివేదిక బాగుందని మా కంపెనీకి ఇంకో తొమ్మిది కాలేజీలు అప్పగించారు. ఆ తొమ్మిదికీ నన్నే పెద్దను చేశారు. నాకు అసహ్యం వేసింది. రాజీనామా రాసి పెట్టుకున్నాను, సోమవారం ఇస్తాను. నేత్రావతిని జూన్లో నా గదికి పంపమని పిల్లమ్మక్కకు చెప్పు. చివరి ఏడాది నా దగ్గరుండి సిటీ కాలేజీలో చదువుకుంటుంది. నేను చేయగలిగింది ఇంతే.

లావణ్య


ముత్యాలసంద్ర,
2025 నవంబరు 1

అమ్మా లావణ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే సోమవారానికి అందదు. అందుకే నేత్రావతి చేతికిచ్చి బస్సెక్కించాను. చదివేదాకా దానికి కాఫీ అయినా ఇవ్వు.

జూన్లో అది నీ గదికి వస్తుంది. పిల్లమ్మ ఒప్పుకుంది. తక్కినవాళ్ల సంగతి నిన్న తెలిసింది. ఆర్డరు విని, ఏడుగురి ఇళ్లలో అప్పుడే గార్మెంట్సు బస్సు డ్రైవరుతో మాట్లాడుకున్నారు. నీ గదిలో ఒక్క మంచం పడుతుంది. మిగతావాళ్లను ఎక్కడ పడుకోబెడతావు?

నాకు నీమీద కోపం పోలేదు. త్వరగా పోయేది కూడా కాదు. చింతగింజలతో చారు కాచే ఆ పెద్దమనిషి మీదకంటే నీమీదే ఎక్కువ, ఎందుకంటే వాడు నాకు ఏమీ కాడు. అయినా వాళ్లందరి ముందు నిలబడి నీ పేరు నువ్వు చెప్పావని చదివినప్పుడు, మా అన్న దగ్గరికి పరుగెత్తి ఆ ముక్క రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన మూడోసారి చదవమన్నాడు.

రాజీనామా అట. ఎంత సులువైన పని! మనసు బాగోలేనప్పుడల్లా ఏదో ఒకటి వదిలేసి శుభ్రమైపోతావు, మొన్న కార్డు, ఇవాళ ఉద్యోగం. నువ్వు లేస్తే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. ఇంటికి ఫోన్ వస్తే తండ్రి ఎందుకు అబద్ధం చెబుతాడో వాడి ఏడు తరాల్లో ఎవరికీ తెలిసి ఉండదు. ఆ తొమ్మిది ఊళ్లలోనూ తండ్రులున్నారు, కార్డులున్నాయి, నాలాంటి తెలివైన సూపరింటెండెంట్లూ ఉన్నారు. మీ కంపెనీవాళ్లు ఫోన్లు మొదలుపెట్టేలోగా ఆ రిజిస్టర్లలో పిల్లల సొంత నంబర్లు ఎక్కాలి. మార్చిలో నాకు రిటైర్మెంటు. సెలవులు బోలెడు మిగిలి ఉన్నాయి, రేపటి నుంచే పెట్టేసి ఆ ఊళ్లు తిరుగుతాను.

ఆ రాజీనామా కాగితం చించెయ్. తొమ్మిది ఊళ్ల పేర్లూ రాసి నేత్రావతి చేతికి ఇవ్వు. సాయంత్రం బస్టాండులో నిలబడి ఉంటాను.

నీ చిన్నాయన